గోటికి తగిలే గీత

ఏర్పేడు ధనంజయ నల్లకారు నెల తిరక్కుండానే మూడోసారి సుభాన్ బాషా షెడ్డుకు వచ్చింది. మూడుసార్లూ ఒకటే రోగం. ఎడమవైపు రెండు తలుపుల మీదా గీతలు.

షెడ్డు తిరుపతి నుంచి రేణిగుంట పోయే రోడ్డు పక్కన ఉంది. రేకుల కప్పు, ముందర ఒక వేపచెట్టు, వెనక బాషా కాపురం. ముప్పై ఏళ్లు కార్లకు రంగు కొట్టి కొట్టి, థిన్నర్ వాసన పీల్చి పీల్చి, బాషా ఛాతీలో ఇప్పుడు పిల్లి గురకపెట్టినట్టు శబ్దం వస్తుంది. అందుకే రుద్దే పని, మెరిపించే పని అంతా కూతురు మిస్బాది. ఇరవై మూడేళ్ల పిల్ల. ఆడపిల్ల పాలిష్ మిషను పట్టుకుంటే చూసేవాళ్లకు వింత. చూడనీ. వింత చూద్దామని ఆగినవాళ్లే తర్వాత బండ్లు తెచ్చి వదిలిపోయారు.

ధనంజయ సంగతి వేరు. ఏర్పేడు పక్కన పెద్ద చదువుల క్యాంపస్ వచ్చాక అక్కడి గుట్టలకూ గుంటలకూ కూడా రేటు వచ్చింది. ధనంజయ ఒక గుట్టను కొన్నానంటాడు. ఎవరు అమ్మారో మాత్రం చెప్పడు. గుట్ట కింది తుప్పలన్నీ జేసీబీతో దోకించి, రాళ్లు పాతి, ప్లాట్లు వేసి, నడిమధ్యలో తనకొక మేడ కట్టుకున్నాడు. మేడ ముందు నిలపడానికి నల్లకారు కొన్నాడు.

"ఇదేం పని అబ్బా బాషా? నువ్వు రంగు పూస్తే నాలుగు దినాలకు లేసిపాయ," అన్నాడు కారు దిగుతూనే. అతని వెనక, డిక్కీ పక్కన, చేతులు కట్టుకుని ఒక మనిషి నిలబడ్డాడు. మేడ కాపలావాడు మునస్వామి. షెడ్డులో బండికి కాపలా నిలబడడానికి అతన్ని కూడా ఎక్కించుకుని వచ్చాడు. ఎక్కించుకుని అంటే కారులో కాదు. ధనంజయ కారులో, మునస్వామి అంతకు ముందే బస్సులో.

"రంగు లేసిపోలేదు సార్," అంది మిస్బా. తలుపు ముందు గొంతుక్కూర్చుని బొటనవేలి గోరును గీత మీద అడ్డంగా నడిపించింది. పైపై గీత అయితే గోరు జారిపోతుంది, రుద్దితే చాలు. గోరు ఆగిందంటే గీత లోతు, పైన ఉండే మెరుపు పొరను దాటి రంగులోకి దిగిందన్నమాట. ఇక్కడ గోరు ఆగింది. పక్క గీత మీద కూడా ఆగింది.

"రంగు రాలితే పెచ్చులు పెచ్చులుగా లేస్తాది సార్. ఇది రాలింది గాదు. గీకింది."

అన్న తర్వాత ఆమెకు తెలిసింది ఏమన్నదో. ధనంజయ ముఖం వెలిగిపోయింది.

"అదీ. నీ నోటితోనే వచ్చె. ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను గీకుతానా నా బండిని? నా పెండ్లాము గీకుతాదా? ఇంక మిగిలింది ఎవురు?" అంటూ వెనక్కి తిరిగాడు. "ఏమిరా మునస్వామీ?"

"నేను గాదయ్యా."

"గేటు కాడ కెమెరా పెట్టినా గదా, దాంట్లో అంతా ఉండాది. రోజూ పొద్దన్నే అయిదున్నరకు నువ్వు బండి దిక్కు పోతావు. రొంతసేపటికి తిరిగొస్తావు. ఏం పని ఆడ?"

"మోటారు ఎయ్యను పోతానయ్యా. సుచ్చి ఆ గోడకే గదా ఉండేది."

కెమెరాను ఎందుకు గేటు వైపు తిప్పాడో, కారు వైపు ఎందుకు తిప్పలేదో అడగాలి. కారును చూడ్డానికి కాపలావాడు ఉన్నాడు. కాపలావాడు కునుకు తీస్తాడేమో చూడ్డానికి కెమెరా ఉంది. ధనంజయ లెక్క అది. కెమెరా కారును చూసి ఉంటే ఈ కథే లేదు.

బాషా గొంతు సవరించుకున్నాడు. "కవరు కప్పండి సార్. గొడవే ఉండదు."

"కవరు కప్పేదానికా బండి కొనింది? రోడ్డున పొయ్యేటోడికి కనపడద్దా?" ధనంజయ చెయ్యి ఊపి ఆ మాటను తోసేశాడు. "రేపు తెల్లార్తో ఆరింటికి బండి నా ఇంటికాడ ఉండల్ల. ఏడింటికి కాణిపాకం బయలుదేరేది. ఒరే మునస్వామీ, కోనేట్లో మునిగి, తడిగుడ్డల్తో వరసిద్ధుని ముందర నిలబడి, నేను ఆ బండి ముట్టుకోలే అని చెప్పు. చెప్తివా, నా గేటులో ఉండు. చెప్పకపోతివా, రేపట్నుంచి గేటు బయటే."

చిత్తూరు సీమలో ఇంతకంటే పెద్ద మాట లేదు. కోర్టులో నదురూ బెదురూ లేకుండా బొంకినవాడు కూడా కాణిపాకం వినాయకుడి పేరెత్తితే నీళ్లు నములుతాడు. ఏ తప్పూ చేయనివాడైతే సరే పదండి అంటాడు. మునస్వామి అనలేదు. కట్టుకున్న చేతులు విప్పి, మళ్లీ కట్టుకున్నాడు. బాషా అది చూశాడు. మిస్బా కూడా చూసింది.

ధనంజయ తనను తీసుకుపోవడానికి వచ్చిన ప్లాట్ల ఏజెంటు స్కూటరు ఎక్కి వెళ్తూ వెళ్తూ, "బండి కాడ్నే నిలబడు. కూసుంటివా, ఆనుకుంటివా, తెలుసు గదా," అని మునస్వామికి చెప్పి పోయాడు.

*

మునస్వామిది సత్యవేడు దగ్గర పల్లె. యాభై అయిదేళ్లు. కౌలుకు శనగచేను చేసి, చేను వదిలేసి, రెండేళ్ల కిందట ఏర్పేడు వచ్చి ఈ గేటు దగ్గర చేరాడు. కూతురు మోహన చిత్తూరులో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. గేటు పోతే ఆ చదువు పోతుంది. అంతే సంగతి, అంతకంటే చిన్నదీ కాదు, పెద్దదీ కాదు.

బాషా పెండ్లాము గౌసియా బీ టీ గ్లాసు తెచ్చి, స్టూలు లాగి వేసింది. మునస్వామి టీ తాగాడు. స్టూలు మీద కూర్చోలేదు.

"కూసో అన్నా. మీ సారు వెళ్లిపోయినాడు."

"వద్దులేమ్మా. అలవాటైపాయ."

మిస్బా తడిపిన గరుకు పేపరుతో గీతల చుట్టూ రుద్దుతోంది. కోపంగా రుద్దుతోంది. ఆ కోపం ధనంజయ మీదా తన నోటి మీదా చెరిసగం. రంగు లేచిపోయిందని ఒప్పుకుని ఉంటే తన పనికి చెడ్డపేరు వచ్చేది, అంతే. నిజం చెప్పింది. ఆ నిజం పోయి ఈ మనిషి మెడకు చుట్టుకుంది.

"మామా, నువ్వు గీకినావా?"

"లే పాపా."

"మరి ప్రమాణం అంటే నోరు పెగల్లేదే?"

మునస్వామి వీధి వైపు చూశాడు, షెడ్డు వైపు చూశాడు, చివరకు తన చెప్పుల వైపు చూశాడు. "గీకలే అని చెప్పమంటే చెప్తును. ముట్టుకోలే అని చెప్పమంటాడే. నేను ముట్టుకున్యా."

బాషా చేతిలో గీతలు పూడ్చే పుట్టీ ముద్ద అలాగే ఆగిపోయింది.

"పోయిన నెల, ఆని నెలలో, ఒక దినం వాన పడె. కాళ్లు నీరు పట్టి రొంబ నొప్పి. అయ్య లోపల నిద్రపోతా ఉండాడు. బండి ముందర బంపరు మీద తువ్వాలు పరిచి కూసున్యా. పది నిమిషాలు పాపా. పదే. గీత గూడా పడలే, లేసినాంక తువ్వాలుతో తుడిస్తి. అయినా ముట్టుకున్యట్టే గదా. నేను ఏ మొగం పెట్టుకుని వరసిద్ధుని ముందర ముట్టుకోలే అనేది? నాకు మోహన ఒక్కతే బిడ్డ."

గౌసియా బీ అడిగింది, "ఆ ఇంట్లో కుర్చీ లేదా అన్నా?"

"ఉండాయిమ్మా, శానా ఉండాయి. నాకు ఇస్తే నిద్రపోతానంట."

రెండేళ్లు. రోజుకు పన్నెండు గంటలు. కారుకు నాలుగు చక్రాలు, నీడ, వారానికోసారి స్నానం. మనిషికి రెండు కాళ్లే. ఆ రెండు కాళ్లకూ పది నిమిషాల విశ్రాంతి అరువు తీసుకున్నందుకు ఈ పిచ్చి మారాజు దేవుడి ముందు దోషి అయిపోయాడు, ఎవరూ అడక్కుండానే. దొంగలు నిమ్మళంగా నిద్రపోయే దేశంలో నిజాయితీ గలవాడికే ఎక్కువ భయం ఉంటుంది.

"గీకలేదు అని చెప్పు, అది నిజమే గదా," అన్నాడు బాషా.

"చెప్పినా ఒప్పుకోడు భాయ్. మాట మార్చేది దొంగ బుద్ధి అంటాడు."

మిస్బా లేచి, తడిచేతులు దులుపుకుని, మళ్లీ తలుపు ముందు కూర్చుంది. ఈసారి రుద్దలేదు. చూసింది. బాగుచేయడం ఇది మూడోసారి గానీ ఒక్కసారీ ఊరికే కూర్చుని చూడలేదు. పనివాళ్ల తప్పు అదే, చేతులు ముందు పరుగెత్తుతాయి.

తాళంచెవితో గీసేవాడు నడుస్తూ గీస్తాడు. బారెడు గీత ఒకటే పడుతుంది. ఇవి పొట్టివి, వేలి కణుపంత. కొన్ని జంటగా ఉన్నాయి. కొన్ని గీతలే కావు, చుక్కలు, పొడిచినట్టు. అన్నీ మోకాలి నుంచి నడుము ఎత్తు లోపలే. కుడివైపు గోడకు ఆనించి నిలుపుతారు, అటు ఒక్కటీ లేదు.

"అబ్బా, కూసుని గీకినట్టు ఉండాది. లేకుంటే పొట్టి మనిషి."

"పొట్టి దొంగా?" అన్నాడు బాషా. "ఇంక ఎతుకు, ఏర్పేడంతా."

*

మధ్యాహ్నానికి రంగు పూసి, పైపొర కొట్టి, బల్బుల స్టాండు వేడికి ఆరబెట్టారు. మూడు గంటలకు మిస్బా మిషనుతో ఒక దఫా మెరుగు పెట్టింది. వెనక తలుపు పూర్తయింది. ముందు తలుపుకు మెరుగు మందు పూస్తుండగా గౌసియా బీ పుంజు షెడ్డులోకి వచ్చింది.

దాని పేరు సుల్తాన్. ఆ సందుకంతా అదొక్కటే పుంజు. ఇంకో పుంజు అడుగుపెడితే బతకనివ్వదు. కుక్కలు కూడా దారి ఇస్తాయి. సుల్తాన్ టైర్ల మధ్య నుంచి దర్జాగా నడిచి వచ్చి, వెనక తలుపు ముందు ఆగింది.

తలుపులో ఇంకో పుంజు.

సుల్తాన్ మెడ ఈకలు లేచాయి. లోపలివాడి ఈకలూ లేచాయి. సుల్తాన్ ఒక అడుగు పక్కకు వేసింది. వాడూ వేశాడు. ఇంత పొగరు సుల్తాన్ ఎన్నడూ చూడలేదు. ఎగిరింది. టక్. మళ్లీ ఎగిరింది. టక్ టక్.

"అమ్మీ, నీ కోడి," అని అరుస్తూ మిస్బా లేచింది. గుడ్డ విసరబోయి, చెయ్యి అలాగే గాల్లో ఆపేసింది. ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయింది.

గౌసియా బీ పరుగెత్తుకొచ్చి పుంజును చంకలో ఇరికించుకుంది. "నా సుల్తాన్‌ను ఏమన్నా అంటివా, చూడు. నోరులేని జీవం."

మిస్బా మోకాళ్ల మీద కూర్చుని తలుపు మీద కొత్తగా పడిన జంట గీత మీద గోరు నడిపించింది. గోరు ఆగింది. చిన్నది, కానీ అదే వాటం, అదే జంట, అదే చుక్క. ఆమె భుజాలు కదలసాగాయి. ఏడుస్తోందేమో అనుకున్నాడు మునస్వామి. నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయింది.

"మామా," అంది ఎలాగో. "మీ ఇంటికాడ కోళ్లు ఉండాయా?"

"లే పాపా. సుబ్రమణ్యస్వామికి కావడి ఎత్తే ఇల్లు. ఆడి నెలంతా నీసు లే. కోళ్లు యాడివి?"

"ఇంకేమన్నా? పక్షులు?"

"నెమళ్లు ఉండాయి. ఆ గుట్ట మీదివే. ముందు తుప్పల్లో ఉండేటివి, తుప్పలు తీసేసినాంక ఇంటికాడికే వస్తా ఉండాయి. అమ్మ పొద్దన్నే నూకలు ఏస్తాది."

"యాడ ఏస్తాది?"

"గోడ కాడ. బండి పక్కనే..." మునస్వామి మాట సగంలో ఆగిపోయింది. అతని నోరు మాత్రం తెరిచే ఉంది.

"నువ్వు ఒక్కనాడూ చూడలేదా మామా?"

"నన్ను రోడ్డు దిక్కు తిరిగి నిలబడమన్యారు. మోటారు ఎయ్యను పోతే నన్ను చూసి లేసిపోతాయి."

"అమ్మ?"

"నెమలికి పెట్టినాంక ఎనక్కి తిరిగి చూడకూడదంట. వాళ్ల అత్త చెప్పిండాది. సామి వాహనం తినేటప్పుడు చూస్తే దిష్టి అని."

చూడండి ఆ ఇంటి చందం. కెమెరా కాపలావాడిని చూస్తోంది. కాపలావాడు రోడ్డును చూస్తున్నాడు. ఇల్లాలు పెట్టి వెనక్కి చూడకుండా పోతోంది. యజమాని ముసుగు తన్ని పడుకున్నాడు. ఇన్ని కళ్లున్న ఇంట్లో కారు వైపు చూసేది ఒక్క నెమలే.

మిస్బాకు ఇంకొకటి తట్టింది, తట్టగానే తల గిర్రున తిరిగింది. మొదటిసారి ఒక మోస్తరుగా మెరిపించింది, ఆరు రోజులకు కారు తిరిగొచ్చింది. రెండోసారి పట్టుదలగా మెరిపించింది, నాలుగు రోజులకే వచ్చింది. "నేనే అబ్బా. నేను మెరిపించే కొద్దీ లోపలి నెమలి తేటగా కనపడతా ఉండాది. బయటి నెమలికి కోపం ఎక్కువైతా ఉండాది."

బాషా దగ్గుతూ నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "పొయ్యి ఆ సారుకు చెప్పు, నమ్ముతాడా? కావడి ఎత్తేటోడు. దొంగను కాపాడేదానికి సామి నెమలి మీద నింద ఏస్తావా అంటాడు."

"చెప్పను. చూపిస్తా." మిస్బా మిషను చేతికి తీసుకుంది. "అద్దం చేస్తా ఈ తలుపును."

"రేపు చెడిపోయేదానికి ఇంత పనా?"

"చెడిపోవల్లనే అబ్బా."

ఆ సాయంత్రం ఆమె చేసినట్టి పని ఆ షెడ్డులో ఎవరూ చేయలేదు, బాషా వయసులో ఉన్నప్పుడు కూడా. సుల్తాన్ గీతలు తీసేసింది. ఉన్ని చక్రంతో ఒక దఫా, స్పాంజి చక్రంతో రెండు దఫాలు తిప్పింది. తర్వాత మిషను పక్కన పడేసి, గౌసియా బీ పాత నూలు ఓణీ చింపి చేత్తో రుద్దింది. చెంపకు మరక, జుట్టుకు మరక, నోట్లో ఏదో కూనిరాగం. ఎవరైనా పని నిలవాలని చేస్తారు. పాడవ్వాలని చేస్తే చేతికి ఇంత స్వేచ్ఛ వస్తుందని ఆమెకు తెలియదు. దీపాల వేళకు వేపచెట్టు ఆకు ఆకుగా తలుపులో దిగింది. గౌసియా బీ టీ ఇవ్వడానికి వచ్చి, తలుపులో చూసుకుని ముసుగు సర్దుకుంది.

"ఓ నెమలమ్మా, నువ్వు రాకపోతివో," అని మాత్రం అంది మిస్బా.

*

తెల్లవారుజామున మిస్బా కారు నడిపింది. బాషా పక్కన కూర్చున్నాడు. మునస్వామిని వెనక సీటులో కూర్చోమంటే తువ్వాలు తీశాడు పరుచుకోవడానికి.

"తువ్వాలు ఎందుకు మామా?"

"అలవాటు."

"అద్దం దించుకో. గాలి వస్తాది."

"ముట్టుకోవచ్చా పాపా?"

"ముట్టుకో. ఒకసారి ముట్టుకున్నా వందసార్లు ముట్టుకున్నా ప్రమాణం ఒకటే గదా."

మునస్వామికి అది అర్థం కావడానికి పావు మైలు పట్టింది. తర్వాత నవ్వాడు. అతను నవ్వడం వాళ్లు చూడటం అదే మొదలు. అద్దం దించాడు, ఎక్కించాడు, మళ్లీ దించాడు. రేణిగుంట దాటి ఏర్పేడు చేరేదాకా మీట నొక్కుతూనే ఉన్నాడు. మోహనకు ఫోన్ చేసి, "నాయన కారులో పోతా ఉండాడు," అన్నాడు. ఎక్కడికి పోతున్నాడో చెప్పలేదు.

ధనంజయ మేడ ముందు పసుపు పంచెతో, మెడలో మాలతో సిద్ధంగా ఉన్నాడు. వచ్చే వారం ఆడికృత్తిక, సుబ్రమణ్యస్వామికి కావడి ఎత్తే రోజు. వరండాలో కావడి ఆనించి ఉంది, దాని రెండు కొసలకూ నెమలి ఈకలు గుత్తులుగా కట్టారు. ఆ గుట్ట మీద రాలినవే. మిస్బా కారును ఎప్పుడూ నిలిపే చోటే, గోడకు ఆనించి నిలిపింది. ధనంజయ చుట్టూ తిరిగి చూశాడు. తలుపు ముందు ఆగి మీసం సవరించుకున్నాడు.

"ఇదీ పనంటే. రెండుసార్లు ఇట్ల చేసింటే ఏమిమ్మా నీకు?"

"సార్, పది నిమిషాలు ఈ స్తంభం ఎనకాల నిలబడండి. దొంగను చూపిస్తా."

"దొంగ ఈడ్నే ఉండాడు గదా," అని మునస్వామి వైపు గడ్డం చూపాడు.

"పది నిమిషాలు సార్. ఎవురూ రాకపోతే నేను గూడా కాణిపాకం వస్తాను. కోనేట్లో మామతో పాటు నేనూ మునుగుతా."

బాషా కూతురి వైపు చూసి కళ్లు మూసుకున్నాడు. ధనంజయకు ఆ మాట నచ్చింది. ఒక ప్రమాణం ఖర్చులో రెండు. స్తంభం వెనక్కి వెళ్లాడు. బాషా, మిస్బా కూడా అక్కడే నక్కారు.

ధనంజయ పెండ్లాము నాగరత్నమ్మ గిన్నెతో బయటికి వచ్చింది. తడి జుట్టు, నుదుట విభూతి. కారుకు ఎడమ పక్కన నూకలు చల్లింది, దండం పెట్టింది, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయింది. అలవాటైన నడక. స్తంభం వెనక మొగుడు ఉన్నాడని కూడా చూడలేదు.

ఆడ నెమళ్లు మూడు వచ్చాయి. తల వంచుకుని నూకలు ఏరుకుని తిన్నాయి. కారును లెక్కచేయలేదు. మూడు నిమిషాలు. ఆరు. మునస్వామి గేటు ఊచ పట్టుకున్నాడు. ఎనిమిది. నూకలు అయిపోవచ్చాయి.

"అయిపాయ. బండెక్కండి," అన్నాడు ధనంజయ.

అప్పుడు గుట్ట మీద నుంచి కూత వినిపించింది. గోడ మీదికి ఒక బరువు దిగిన శబ్దం వచ్చింది. మీదున్న మట్టి రాలింది. మగ నెమలి. తోక గోడ పొడవునా జారింది. నేల మీదికి దూకి, నూకల వైపు రెండు అడుగులు వేసి, తల పక్కకు తిప్పింది.

ఎదురుగా అంత నెమలి. అంత నీలం మెడ. తన ఆడవాళ్ల పక్కనే.

నెమలి ముందు మర్యాద చేసింది. నూరు కళ్ల విసనకర్ర మొత్తం విప్పింది. లోపలివాడూ విప్పాడు. ఈకలన్నీ గలగలలాడించింది, వాడూ ఆడించాడు. ఎడమకు తిరిగితే ఎడమకు, కుడికి తిరిగితే కుడికి. మునస్వామి గొంతులోంచి ఏదో కూతలాంటి శబ్దం వచ్చింది, నవ్వు కాబోలు. బాషా దగ్గును అరచేతిలో నొక్కిపట్టుకున్నాడు. ఆడ నెమళ్లు ఇదంతా తమకేమీ పట్టనట్టు తింటూనే ఉన్నాయి. నెమలి విసనకర్ర మూసింది. ఇక మాటల్లేవు అన్నట్టు ఒక అడుగు వెనక్కి వేసి ఎగిరింది.

టక్. టక్ టక్. కాలి గోళ్లతో బరబరా. మళ్లీ టక్.

మిస్బా గోటి కింద ఆ చప్పుడు ఒక్కొక్కటీ తెలిసింది. పైపొర పోయింది. రంగు పోయింది. ఇది లోతు. తన బతుకులో చేసిన మేటి పని కళ్ల ముందర దుమ్ము కొట్టుకుపోతోంది. ఆమెకు ఎగిరి గంతెయ్యాలని ఉంది.

ధనంజయ "నా బండీ," అంటూ వరండాలో ఉన్న వెదురు కర్ర తీసుకుని ముందుకు దూకాడు. ఆ చప్పుడుకు నాగరత్నమ్మ బయటికి వచ్చింది. కర్రనూ చూసింది, నెమలినీ చూసింది. వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది.

"ఏమయ్యా, నీకు తలకాయ ఉండాదా? మెడలో మాల ఏసుకుని సామి వాహనం మీద కర్ర ఎత్తుతావా?"

"బండి చూడే, బండి."

"బండి పోతే పోయె. వారం దినాల్లో కావడి ఎత్తల్ల నువ్వు."

"అది గాక సార్, నెమలిని కొడితే కేసు," అన్నాడు బాషా వినయంగా. "జాతీయ పక్షి."

ధనంజయ కర్ర దించాడు. కాపలావాడిని తీసెయ్యడానికి ఒక మాట చాలు. నెమలిని తీసెయ్యాలంటే దేవుడూ అడ్డం, దేశమూ అడ్డం. పైగా ఆ గుట్ట మీద దానికున్నంత పాత హక్కు ఎవరికీ లేదు. ధనంజయ దగ్గరున్న పత్రాలకైతే అసలే లేదు. నెమలి తన పని ముగించుకుని, తోక దులుపుకుని, ఆడవాళ్లను వెంటబెట్టుకుని గోడ మీద నుంచి వెళ్లిపోయింది.

నాగరత్నమ్మ తలుపు దగ్గరికి వెళ్లి గీతల మీద చెయ్యి పెట్టింది. కళ్లకు అద్దుకుంది. "ఇన్ని దినాలూ వచ్చింది సామేనా? ఎవురి బండినీ ముట్టుకోనిది మన బండినే ఎతుక్కుని వచ్చె. ఏమి భాగ్యం."

ధనంజయ ముఖం మారడం అందరూ చూశారు. కోపం పోయింది, అయోమయం వచ్చింది, అదీ పోయింది, చివరికి ఎచ్చులు వచ్చి కూర్చున్నాయి. ఫోన్ తీసి ప్లాట్ల ఏజెంటును పిలిచాడు. "ఒరే సుకుమార్, బిన్నె రారా. నా కారు మీద సుబ్రమణ్యస్వామి వాహనం గుర్తులు పెట్టిండాది. ఆ. కళ్లారా చూస్తి. అందర్నీ పిల్చుకుని రా." ఫోన్ పెట్టి మిస్బా వైపు తిరిగాడు. "పాపా, ఈ గీతలు తీసేది లే. వీటి మీద ఏమన్నా పూస్తావో ఏమో, ఇట్లనే నిలవల్ల."

"ముప్పై ఏళ్లలో గీత తియ్యమన్నోళ్లే గానీ నిలపమన్నోళ్లు లేరు," అని గొణిగాడు బాషా.

అంటే మునస్వామి గీకాడనుకున్నంత సేపూ అది నేరం. నెమలి అని తెలియగానే అది వరం. గీత అదే, తలుపు అదే, లోతు కూడా అదే. మిస్బా గోరు పెట్టి చూడకుండానే చెప్పగలదు.

"సరే పోరా మునస్వామీ, నీ పని నువ్వు చూసుకో," అన్నాడు ధనంజయ, ఏమీ జరగనట్టు. "కాణిపాకం ఇంకోసారి పోదాం."

మునస్వామి కదల్లేదు. "ఈ దినమే పోదామయ్యా."

"ఎందుకురా? దొంగ దొరికె గదా."

"ప్రమాణం చేస్తాను. ముట్టుకున్యా అని చేస్తా." "ఆని నెలలో వాన దినం ఈ బండి బంపరు మీద కూసున్యా. తువ్వాలు పరిచి కూసున్యా. పది నిమిషాలు. సామికి చెప్పేస్తే నాకు బరువు పోతాది."

"నా బండి మీద కూసున్యావా? ఎందుకు కూసున్యావు?"

"కుర్చీ లేకయ్యా."

నాగరత్నమ్మ చెయ్యి ఇంకా గీతల మీదే ఉంది. ఆమె మునస్వామి కాళ్ల వైపు చూసింది. రెండేళ్లుగా ఆ మనిషి గేటు దగ్గర నిలబడే ఉన్నాడు, వాచిన ఆ పాదాలు రోజూ ఆమె కళ్ల ముందే ఉన్నాయి. నెమలికి పెట్టినట్టే, వెనక్కి తిరిగి చూడలేదు. లోపలికి పోయింది. హాల్లోంచి చేతుల కుర్చీ ఒకటి, టేకుది, తనే ఈడ్చుకుంటూ వచ్చింది. బాషా సాయం పోయాడు. గేటు పక్కన నీడలో వేశారు.

"కూసో," అంది.

మునస్వామి ధనంజయ వైపు చూశాడు. ధనంజయ పెండ్లాము వైపు చూశాడు. తర్వాత ఫోన్ వైపు చూసుకున్నాడు, ఏదో ముఖ్యమైన పని గుర్తొచ్చినట్టు. మునస్వామి భుజం మీది తువ్వాలు తీసి కుర్చీలో పరచబోయాడు. మిస్బా తువ్వాలు లాగేసుకుంది. మునస్వామి కూర్చున్నాడు. ముందు అంచున, తర్వాత పూర్తిగా, తర్వాత వీపు కూడా ఆనించి.

బయట హారన్ మోగింది. సుకుమార్ వచ్చేశాడు, వెనక ఇంకో రెండు బండ్లు. మునస్వామి అలవాటుగా చటుక్కున లేవబోయాడు.

"కూసో మామా," అంది మిస్బా.

హారన్ మళ్లీ మోగింది. ఈసారి పొడుగ్గా. నాగరత్నమ్మ మొగుడి వైపు చూసింది. ధనంజయ పసుపు పంచె ఎగ్గట్టి, కుర్చీ పక్క నుంచి నడిచి వెళ్లి గేటు గొళ్లెం తీశాడు. అది బిగుసుకుని ఉంది. రెండు చేతులా లాగాల్సి వచ్చింది.

కెమెరా గేటు వైపే తిరిగి ఉంది. ఆ పూట దాంట్లో పడింది అదే.